పాత ఇంట్లో మెయిన్ బోర్డు చోటు మార్చడం ఎలా?

1970, 80లలో కట్టిన ఇళ్లలో మెయిన్ బోర్డు వరండా గోడ మీదో, మెట్ల కిందో, బాత్‌రూమ్ గోడకు ఆనుకునో ఉంటుంది. టేకు చెక్క పలక, దాని మీద ఇనప డబ్బా మెయిన్ స్విచ్, పక్కన పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులు. చెక్క వెనకాల చెదలు, బల్లులు, ఎవరు ఎప్పుడు వేశారో తెలియని అతుకులు. ఇల్లు రీవైరింగ్ చేయిస్తున్నప్పుడే ఈ బోర్డును సరైన చోటికి మార్చుకోవాలి. పని అయిపోయాక మార్చాలంటే రంగులేసిన గోడలను మళ్లీ కొట్టాలి.

కొత్త చోట డీబీ (డిస్ట్రిబ్యూషన్ బోర్డు, అంటే కొత్త మెయిన్ బోర్డు) బాక్స్ బిగించడం సగం పూట పని. ప్రతి సర్క్యూట్‌కు సొంత ఫేజు (కరెంటు తెచ్చే వైరు), సొంత న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు), సొంత ఎర్త్ ఉండేలా విడదీసి అక్కడికి తేవడమే అసలు పని. ముఖ్యంగా న్యూట్రల్. తర్వాత వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

ముందు హద్దులు తెలుసుకోండి

స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న సర్వీస్ వైరు, మీటరు, దాని సీళ్లు డిస్కమ్‌వి, అంటే కరెంటు సంస్థవి. వాటిని మీరు గానీ మీ ఎలక్ట్రీషియన్ గానీ ముట్టుకోకూడదు. సీలు తెంచడం విద్యుత్ చట్టం-2003 ప్రకారం నేరం. మీటరునే జరపాల్సి వస్తే సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి, వాళ్ల మనుషులే వచ్చి మారుస్తారు. మీటరు దాటాక ఉన్న వైరింగ్ మీది. ఆ పనిని లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుకు అప్పగించండి. ఇక్కడ చెప్పేది మీరు దగ్గరుండి చేయించుకోవడానికి, వాళ్లు ఏం చేస్తున్నారో అర్థం చేసుకోవడానికి.

ఒక సంగతి గట్టిగా గుర్తుంచుకోండి. ఇంట్లో మెయిన్ స్విచ్ దించినా, మీటరు నుంచి ఆ స్విచ్ పై టెర్మినళ్ల దాకా వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. పాత బోర్డు విప్పేటప్పుడు ప్రమాదాలు జరిగేది సరిగ్గా అక్కడే. స్తంభం దగ్గర లైన్‌మన్ సరఫరా తీసేశాకే ఆ వైర్ల మీద చెయ్యి పడాలి. టెస్టర్ వెలగలేదు కదా అని నమ్మేయొద్దు. మల్టీమీటరును ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పని చేస్తోందని చూసుకోవాలి, తర్వాత పని చోట చూడాలి, ఆ తర్వాత మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడాలి.

1. పాత బోర్డు చరిత్ర రాసుకోండి

ఒక కాగితం మీద ఇంటి నక్షా గీయండి. ఒక్కో ఫ్యూజు తీస్తూ ఏ గదిలో ఏ పాయింట్లు ఆగిపోయాయో రాయండి. పాత బోర్డుల్లో న్యూట్రల్‌కు కూడా కిట్‌క్యాట్ పెట్టేవారు. ఆ ఫ్యూజు పోతే లైట్లు ఆరిపోతాయి గానీ వైర్లలో ఫేజు అలాగే ఉంటుంది. కరెంటు లేదనుకుని హోల్డర్‌లో వేలు పెట్టినవాడికి షాక్ తప్పదు. కొత్త బోర్డులో న్యూట్రల్‌కు విడిగా ఫ్యూజు ఉండకూడదు.

వైరు ఏదో కూడా చూడండి. పాతవాళ్లు గేజి లెక్కలో చెప్పేవారు: 1/18 అంటే సుమారు 1.2 చదరపు మిల్లీమీటర్లు, 3/20 అంటే 2, 7/20 అంటే 4.6. చెక్క బ్యాటెన్ మీద క్లిప్పులతో వేసిన రబ్బరు వైరైతే చేతితో వంచగానే తొడుగు పొడిపొడిగా రాలుతుంది. అల్యూమినియం వైరైతే రెండుసార్లు వంచితే విరుగుతుంది. ఈ రెండింటిలో ఏదున్నా కొంత ఉంచి కొంత మార్చే ఆలోచన మానేయండి, మొత్తం తీసేయండి. అల్యూమినియానికి రాగిని మెలిపెట్టి కలిపిన అతుకు తేమకు తుప్పు పడుతుంది, వదులవుతుంది, వేడెక్కుతుంది.

మంచి రాగి వైరు కాబట్టి ఒకటి రెండు సర్క్యూట్లు ఉంచుకుంటామంటే వాటి న్యూట్రల్‌ను తేల్చాలి. సరఫరా పూర్తిగా తీశాక ఆ సర్క్యూట్లలోని సామాన్ల ప్లగ్గులన్నీ పీకేసి, న్యూట్రళ్లన్నీ కలిసే పాత లింకు నుంచి వాటిని విడదీయండి. ఒక సర్క్యూట్‌లో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి దాని స్విచ్ వేయండి. ఎల్‌ఈడీ దీనికి పనికిరాదు. ఆ సర్క్యూట్ ఫేజుకు, ఒక్కో న్యూట్రల్‌కు మధ్య మల్టీమీటరుతో ఓమ్‌లు చూడండి. ఎక్కడ 60, 80 ఓమ్‌ల దరిదాపు చూపిస్తే అదే దాని న్యూట్రల్. రెండు సర్క్యూట్ల ఫేజులకు ఒకే న్యూట్రల్ పలికితే అది ఉమ్మడి న్యూట్రల్. దాన్ని కొత్త బోర్డుకు అలాగే తేకూడదు, కొత్త న్యూట్రల్ లాగాలి.

2. చోటు ఎంచుకోండి

వీధి తలుపు లోపల హాలు గోడో, భోజనాల గదికి దారి గోడో మంచి చోటు. చీకట్లో కూడా నేరుగా నడిచి వెళ్లి చేరేలా ఉండాలి. బాత్‌రూమ్, మరుగుదొడ్డి, పొయ్యి పైన, సింకు పైన పెట్టకూడదు. బాత్‌రూమ్ గోడకు అవతలి వైపు కూడా వద్దు. పాత ఇళ్లలో ఆ గోడలు చెమ్మ పీలుస్తాయి, పెట్టె వెనక తుప్పు పట్టి ఏళ్ల తర్వాత బయటపడుతుంది. బోర్డు ముందు కనీసం ఒక మీటరు ఖాళీ ఉండాలి, బీరువా అడ్డం పెట్టే చోటు కాకూడదు. స్విచ్‌లు కంటి ఎత్తులో, నేల నుంచి 2 మీటర్లు మించకుండా ఉండాలి.

పడమటి ఎండ నేరుగా పడే గోడను వదిలేయండి. ఎంసీబీలు (ఫ్యూజుల బదులు వాడే, కరెంటు మితిమీరితే వాటంతటవే పడిపోయే స్విచ్‌లు) 30 డిగ్రీల వేడిని లెక్కలో పెట్టుకుని తయారవుతాయి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండకు కాగిన పెట్టె లోపల అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. అప్పుడు లోడు మామూలుగా ఉన్నా ఎంసీబీ ముందే పడిపోతుంది. జనం ఎంసీబీ చెడిందనుకుని పెద్దది వేసేస్తారు, వైరుకు రక్షణ పోతుంది.

గోడ రకం కూడా చూడాలి. సున్నంతో కట్టిన 14 అంగుళాల ఇటుక గోడలో పెట్టె దింపడం తేలిక. నాలుగున్నర అంగుళాల గోడలో దింపితే అవతలి వైపు పెచ్చు లేస్తుంది. మట్టి గోడల్లో, రాయలసీమ మిద్దెల రాతి గోడల్లో గాడి కొట్టాలని పట్టుబట్టకండి. పైకి కనిపించే పీవీసీ పైపు, గోడ పైన బిగించే పెట్టె వాడండి. చూపుకు కాస్త తక్కువే గానీ గోడ నిలుస్తుంది.

3. లోడు, మెయిన్ వైరు

ఇప్పటి సామాన్లు లెక్కేయండి. 1.5 టన్నుల ఏసీ దాదాపు 8 ఆంపియర్లు, 2 కిలోవాట్ల గీజరు 9, ఇండక్షన్ పొయ్యి 9, వాషింగ్ మెషీన్ నీళ్లు వేడి చేసేదైతే మరో 9. అన్నీ ఒకేసారి నడవవు, కానీ ఎండాకాలం రాత్రి రెండు ఏసీలు, ఫ్రిజ్, మోటారు కలిసి నడవడం మామూలే. కాంట్రాక్ట్ లోడు (డిస్కమ్ మీ ఇంటికి ఒప్పుకున్న లోడు) పాత 1 కిలోవాటు దగ్గరే ఉంటే పెంచుకోవడానికి ఇప్పుడే దరఖాస్తు చేయండి. సింగిల్ ఫేజు చాలుతుందో త్రీ ఫేజు కావాలో సెక్షన్ ఆఫీసులోనే చెబుతారు. కింది లెక్కలన్నీ సింగిల్ ఫేజువి.

బోర్డు లోపలికి జరిగిందంటే మీటరు నుంచి దాని దాకా మెయిన్ వైరు పొడవు పెరుగుతుంది. మీటరు నుంచి 15 మీటర్ల దూరం, 32 ఆంపియర్ల లోడు అనుకుందాం. పాత 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఉంచితే దారిలోనే 7 వోల్టులు పోతాయి. 6 రాగి వేస్తే 3 వోల్టులు, 10 రాగి వేస్తే 2 వోల్టుల లోపు. ఊళ్లలో సాయంత్రం వోల్టేజి ముందే తక్కువ కాబట్టి 10 వేయడమే మేలు. తేడా సొమ్ము పెద్దది కాదు, మళ్లీ లాగే పని పెద్దది.

ఈ వైరుకు రక్షణ మీటరు వైపు ఉండాలి, కొత్త బోర్డు వైపు కాదు. మీటరు పక్కన, దాని తర్వాత, నీళ్లు పడని చిన్న పెట్టెలో 40 ఆంపియర్ల డబుల్ పోల్ (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ కోసే) ఎంసీబీ పెట్టండి. ఇది లేకపోతే గోడలో మేకు దిగి మెయిన్ వైరు షార్ట్ అయినప్పుడు ఆపేది స్తంభం మీది ఫ్యూజు ఒక్కటే.

4. సర్క్యూట్లు పంచుకోవడం

రెండు పడకగదుల ఇంటికి ఒక పంపకం (వైరు అంకెలు చదరపు మిల్లీమీటర్లలో):

- లైట్లు, ఫ్యాన్లు: రెండు సర్క్యూట్లు. 1.5 వైరు, 6 ఆంపియర్ల ఎంసీబీ. ఒక్కోదానికి 10 పాయింట్లు లేదా 800 వాట్లు మించొద్దు.
- హాలు, పడకగదుల ప్లగ్గులు: ఒకటి. 2.5 వైరు, 16 ఆంపియర్లు.
- ఫ్రిజ్: విడిగా ఒకటి. 2.5 వైరు, 16 ఆంపియర్లు.
- వంటగది 16 ఆంపియర్ల సాకెట్లు: రెండు సర్క్యూట్లు. 2.5 వైరు, 16 ఆంపియర్లు. ఒక్కోదానిమీద రెండు సాకెట్లకు మించి వద్దు.
- వాషింగ్ మెషీన్: ఒకటి, 2.5 వైరు, 16 ఆంపియర్లు.
- గీజరు: 4 వైరు, 20 ఆంపియర్లు.
- ఏసీలు రెండు: ఒక్కోదానికి 4 వైరు, 20 ఆంపియర్ల సి-కర్వ్ ఎంసీబీ.
- నీళ్ల మోటారు: 2.5 వైరు, సి-కర్వ్.

మోటారుకు, ఏసీకి సి-కర్వ్ ఎందుకంటే, స్టార్టయ్యే క్షణంలో అవి మామూలు కంటే ఎన్నో రెట్లు లాగుతాయి. బి-కర్వ్ ఆ తాకిడికే పడిపోతుంది. గీజరుకు బి చాలు.

డీబీ కొనేటప్పుడు "12 వే" అన్న మాటను పట్టుకుని పోకండి, మాడ్యూళ్లు లెక్కపెట్టండి. సింగిల్ పోల్ ఎంసీబీకి ఒక మాడ్యూలు, డబుల్ పోల్‌కు రెండు, ఆర్‌సీసీబీకి (ఫేజులో వెళ్లిన కరెంటుకు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటుకు తేడా వస్తే, అంటే లీకైతే పడిపోయే స్విచ్) రెండు. పై పంపకానికి 11 ఎంసీబీలు, ఒక డబుల్ పోల్ ఐసోలేటరు (పెట్టె మొత్తానికి మెయిన్ స్విచ్), రెండు ఆర్‌సీసీబీలు కలిపి 17 మాడ్యూళ్లు అవుతాయి. మెరుపులకు ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి (సర్జ్) నుంచి కాపాడే ఎస్పీడీ, రేపటి అవసరానికి కాస్త ఖాళీ కలుపుకుంటే 20 మాడ్యూళ్లకు పైగా పట్టే డబుల్ డోర్ ఇనప పెట్టె కావాలి.

ఆర్‌సీసీబీ ఒకటి కాదు, రెండు పెట్టండి. రెండూ 30 మిల్లీ ఆంపియర్లవే. ఒకదాని కింద తడి తగిలేవి: గీజరు, వాషింగ్ మెషీన్, మోటారు, వంటగది. రెండోదాని కింద లైట్లు, ప్లగ్గులు, ఫ్రిజ్, ఏసీలు. అర్ధరాత్రి గీజరు కాయిల్ లీకైతే ఇల్లంతా చీకటి కాదు. ఆర్‌సీసీబీ లీకేజీకి మాత్రమే పడుతుంది, ఓవర్‌లోడుకు పడదు. అందుకే మీటరు దగ్గర 40 ఆంపియర్ల ఎంసీబీ తప్పనిసరి, ఆర్‌సీసీబీ కూడా 40కి తక్కువ ఉండకూడదు.

5. ఎర్తింగ్

ఎర్త్ లేని ఇంట్లో కొత్త బోర్డు పెట్టడం సగం పనే. పునాదికి మీటరున్నర దూరంలో, నీళ్లు పారే చోట, 40 మిల్లీమీటర్ల జీఐ పైపు రెండున్నర మీటర్ల పొడవున దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయడం మనకు తెలిసిన పద్ధతే. అక్కడి నుంచి డీబీ ఎర్త్ బార్ (ఎర్త్ వైర్లన్నీ బిగించే లోహపు పట్టీ) దాకా మెయిన్ వైరు ఎంత మందమో అంత మందం రాగి వైరు, అంటే 10, తేవాలి. నల్లా పైపుకు కట్టిన పాత ఎర్త్‌ను తీసేయండి. ఎక్కడో ఒక ముక్క పీవీసీ పైపుతో మార్చి ఉంటే ఆ ఎర్త్ ఉత్తదే.

ఫేజుకు, ఎర్త్‌కు మధ్య బల్బు వెలిగించి "ఎర్త్ బ్రహ్మాండంగా ఉంది" అనడం చాలామందికి అలవాటు. ఎర్త్ 50 ఓమ్‌లు ఉన్నా 100 వాట్ల బల్బుకు ఇంకా 210 వోల్టులు అందుతాయి, వెలుగులో తేడా కంటికి ఆనదు. ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు రావాలి. గుంతలో బకెట్ నీళ్లు పోసి వెంటనే కొలిస్తే అంకె అందంగా వస్తుంది, ఎండాకాలంలో అసలు సంగతి తెలుస్తుంది.

6. గాడులు, పైపులు, వైర్లు

గాడి నిలువుగా, అడ్డంగానే పోవాలి, ఏటవాలుగా వద్దు. తర్వాత మేకు కొట్టేవాడు పైపు ఎక్కడుందో ఊహించగలగాలి. పైపు మీద కనీసం 12 మిల్లీమీటర్ల ప్లాస్టరు నిలిచేంత లోతు కావాలి. సగం ఇటుక గోడలో పొడవైన అడ్డ గాడి కొట్టొద్దు, గోడ బలం పోతుంది. కట్టర్‌తో గీతలు కోశాకే సుత్తి ఎత్తాలి. సున్నం గోడను నేరుగా సుత్తితో కొడితే మూడంగుళాల గాడికి అడుగు వెడల్పున ప్లాస్టరు ఊడుతుంది.

4 వైరు సర్క్యూట్ ఒకటి 20 మిల్లీమీటర్ల పైపులో, 2.5 సర్క్యూట్లు రెండు 25 పైపులో హాయిగా పోతాయి. పైపు లోపలి జాగాలో 40 శాతం దాటి నింపితే వైరు లాగేటప్పుడు తొడుగు గీసుకుపోతుంది, తర్వాత వేడి బయటికి పోదు. ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. కాయిల్ అయిపోయిందని మధ్యలో పసుపు వైరును న్యూట్రల్‌గా వాడనివ్వకండి. పైపు లోపల అతుకు ఉండనే కూడదు. డీబీ దగ్గర ప్రతి వైరూ పెట్టె ఎత్తుకు రెట్టింపు మిగలాలి. రెండు చివర్లకూ ఒకే నంబరు తొడగండి: 4వ సర్క్యూట్ ఫేజుకు, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మూడింటికీ 4. ఈ చిన్న పని చేయని చోటే న్యూట్రళ్లు తారుమారవుతాయి.

పాత బోర్డు దగ్గర నుంచి కొన్ని సర్క్యూట్లను పొడిగించక తప్పకపోతే అక్కడ మూత తీయగలిగే జంక్షన్ బాక్స్ ఉంచి, కనెక్టర్లతో కలపండి. పొడిగించే వైరు పాతదాని కంటే సన్నం కాకూడదు. టేపు చుట్టి ప్లాస్టరులో పూడ్చేయడం ఒప్పుకోకండి.

7. పెట్టె లోపల

వరస ఇది: ఐసోలేటరు, దాని నుంచి రెండు ఆర్‌సీసీబీలు, ఒక్కో ఆర్‌సీసీబీ నుంచి దాని ఎంసీబీలు. ఎంసీబీలను కలిపే దువ్వెన లాంటి లోహపు పట్టీని (బస్‌బార్‌ను) రెండు ముక్కలుగా కోయాలి. కోయకుండా మొత్తం ఒకే ముక్క వేస్తే రెండు గుంపులు కలిసిపోతాయి, ఏ ఆర్‌సీసీబీ నిలవదు. న్యూట్రల్ బార్‌లు కూడా రెండు ఉండాలి, ఒక్కో ఆర్‌సీసీబీకి ఒకటి. మొదటి గుంపు న్యూట్రల్ మొదటి బార్‌కే. ఎర్త్ బార్ వేరు. న్యూట్రల్‌ను ఎర్త్‌తో పెట్టెలో ఎక్కడా కలపకూడదు.

ఇన్వర్టరు ఉంటే ఇక్కడే జాగ్రత్త. దాని మీద నడిచే లైట్ల సర్క్యూట్లకు ఫేజు, న్యూట్రల్ రెండూ విడిగా ఉండాలి. వాటికి ఇంకో చిన్న బార్, ఇంకో ఆర్‌సీసీబీ ఇన్వర్టరు అవుట్‌పుట్ తర్వాత పెట్టాలి. ఆ మేరకు మాడ్యూళ్లు పెంచుకోండి. ఇన్వర్టరు బిగించేవాళ్లు ఫేజు మాత్రం విడదీసి న్యూట్రల్‌ను మెయిన్ బార్‌లో దూర్చేస్తారు. అంతవరకు ఆర్‌సీసీబీ లేని ఇంట్లో అది చెల్లింది. కొత్త బోర్డులో మొదటి రోజే పడిపోతుంది.

10 వైరు కొసకు లగ్గు లేదా ఫెర్రూల్ (కొసకు ఎక్కించే లోహపు గొట్టం) నొక్కి బిగించాలి. తొడుగు స్క్రూ కింద పడకూడదు, రాగి బయటికి కనపడకూడదు. లావు, సన్నం వైర్లు రెండింటినీ ఒకే టెర్మినల్‌లో పెడితే సన్నది వదులుగా మిగులుతుంది. వాడని రంధ్రాలన్నీ మూయండి. బల్లి దూరి బస్‌బార్ మీద అడ్డంగా పడితే చాలు.

8. పరీక్ష, మార్పిడి రోజు

కరెంటు ఇవ్వకముందే మెగ్గర్ (వైర్ల తొడుగు కరెంటును ఎంత బాగా ఆపుతోందో కొలిచే మీటరు) పట్టించండి. బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్లు, ఎస్పీడీ, ప్లగ్గుల్లోని సామాన్లు అన్నీ తీసేసి 500 వోల్టులతో ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్, ఫేజు-న్యూట్రల్ చూడాలి. ఆర్‌సీసీబీల కింద వైర్లు విడిగా ఉండాలి. 1 మెగా ఓమ్ కనీసం. కొత్త వైరింగ్‌కు దానికంటే చాలా ఎక్కువ రావాలి, 2, 3 వస్తే ఎక్కడో వైరు గీసుకుందనో పైపులో నీళ్లున్నాయనో అర్థం.

మార్చే రోజు ఉదయమే మొదలుపెట్టండి. లైన్‌మన్ స్తంభం దగ్గర తీశాక, పాత మెయిన్ స్విచ్ విప్పి, కొత్త మెయిన్ వైరును 40 ఆంపియర్ల ఎంసీబీకి ఎక్కించాలి. సరఫరా తిరిగి వచ్చాక అన్ని ఎంసీబీలు దించి ఉంచే ఐసోలేటరు వేయండి. ఫేజు-న్యూట్రల్ మధ్య 230 దరిదాపు, న్యూట్రల్-ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. తర్వాత ఆర్‌సీసీబీలు వేసి, టెస్ట్ బటన్ నొక్కి పడుతున్నాయో లేదో చూడండి. ఆ తర్వాతే ఎంసీబీలు ఒక్కొక్కటిగా. చివరికి గీజరు, ఏసీలు గంటసేపు నడిపి, పెట్టె దగ్గర వేడి, వాసన గమనించండి. నెల తర్వాత కరెంటు తీయించి స్క్రూలన్నీ ఒకసారి మళ్లీ బిగించండి.

తరచూ ఎదురయ్యేవి

ఒక గది ఫ్యాను వేయగానే ఆర్‌సీసీబీ పడుతోందా? ఆ గది న్యూట్రల్ రెండో గుంపు బార్‌లో ఉంది, లేదా ఏదో స్విచ్ బోర్డులో రెండు సర్క్యూట్ల న్యూట్రళ్లు కలిశాయి. నంబర్లు చూస్తే దొరుకుతుంది.

ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవట్లేదా? సింగిల్ పోల్ ఎంసీబీ న్యూట్రల్‌ను కోయదు. ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగిలింది. స్తంభం దగ్గర సరఫరా తీయించి, బార్ నుంచి న్యూట్రళ్లను ఒక్కొక్కటే విప్పి చూస్తే ఏ సర్క్యూటో తేలుతుంది. ఈ దశలో విసిగి ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. డబ్బు ఇవ్వకముందే టెస్ట్ బటన్ మీరే నొక్కి చూడండి.

ఇంట్లో లైట్లన్నీ మరీ ప్రకాశంగానో మరీ మసకగానో (త్రీ ఫేజు ఇంట్లో కొన్ని అలా, కొన్ని ఇలా) వెలుగుతుంటే అది మీ బోర్డు తప్పు కాకపోవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, త్రీ ఫేజు సర్వీసైతే మీటరు దగ్గరో న్యూట్రల్ తెగి ఉంటుంది. వెంటనే మెయిన్ దించి లైన్‌మన్‌కు ఫోన్ చేయండి. ఊళ్లో ఇది మామూలైతే ఐసోలేటరు పక్కన ఓవర్-అండర్ వోల్టేజి కటాఫ్ ఒకటి కలపండి.

పాత బోర్డు చెక్కను తీసేశాక గోడలో మిగిలిన పాత వైర్లను రెండు కొసల్లోనూ కోసి లాగేయండి. రానివాటిని కొసలు మూసి, "వాడుకలో లేదు" అని రాసి వదలండి. సర్క్యూట్ల పట్టికను డీబీ తలుపు లోపల తెలుగులోనే రాసి అంటించండి. ఫోటో ఒకటి ఫోన్‌లో, ప్లాస్టరు చేయకముందు తీసిన గాడుల ఫోటోలతో పాటే ఉంచుకోండి.